అల్లా ఎవరి సొత్తు?

యూదులు, క్రైస్తవులు, మేం కొలిచేది ఒకే దేవుణ్ణేనా? అందరం ఇబ్రాహీం కొలిచిన దేవుణ్ణే అంటాం. ఏసు మాకు ప్రవక్త. క్రైస్తవులకు దేవుని కుమారుడు. యూదులకు రెండూ కాదు. ఈ తేడా చిన్నది కాదు, దాచక్కర్లేదు. అయితే ఒక్కణ్ణే మూడు తీర్లుగా చెప్పినంత మాత్రాన ముగ్గురు దేవుళ్లయిపోరు.

అరబ్బు క్రైస్తవుల బైబిల్లోనూ దేవుడంటే అల్లాయే. అయినా మా వాళ్లు మెజారిటీగా ఉన్న మలేసియాలో 2013లో అప్పీలు కోర్టు ఓ క్యాథలిక్ పత్రికను ఆ మాట వాడొద్దంది. 2021లో మరో కేసులో హైకోర్టు అలాంటి నిషేధం చెల్లదంది.

మేం ఎవరమో ఇంకెవరో తేలుస్తుంటే ఎట్లా ఉంటుందో ఇక్కడ మైనారిటీలమైన మాకెరుకే. దేవుడు ఒక్కడేనని రోజుకి ఐదుసార్లు సాక్ష్యమిచ్చే మేం ఆయన పేరుకి కంచె ఎట్లా వేస్తాం?