ఆఱవ సూన

గృహస్థుడెంత సాధుశీలుడైనను అతని యింట ప్రతిదినము ఐదు తావుల ప్రాణిహింస జరుగుచునే యుండునని మనుస్మృతి చెప్పుచున్నది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అను వీనికే పంచసూనలని పేరు. నిప్పులో పడిన పురుగును, చీపురు క్రింద నలిగిన చీమను ఎవరును కోరి చంపలేదు. ఐనను ఆ దోషపరిహారార్థము పంచమహాయజ్ఞములు నిత్యవిధులైనవి. వానిలో నొకటియగు భూతయజ్ఞమున కుక్కలకును కాకులకును క్రిమికీటకములకును అన్నము పెట్టవలెను. తెలియక చేసితినన్న మాటతో ఋణము తీఱదని మన పెద్దలు ఇంత స్పష్టముగా ఒప్పుకొనుట నాకు మిక్కిలి గొప్పగా తోచును.

ఈ దృష్టితోనే నేటి నగరమును చూడవలసియున్నది. పెంకుటింటి దూలముల సందున, గోడగూటిలో, దేవుని పటము వెనుక పిచ్చుకకు పూర్వము చోటుండెడిది; గడ్డిపరకలు నేలపై రాలినప్పుడు ఇల్లాలు విసుగుకొనెడిదే గాని గూటిని తీసివేయుట కామెకు చేతులు రాకుండెడివి. సిమెంటు కప్పుక్రింద నున్నని గోడలుగల మేడలలో ఆ సందులు లేవు. దొడ్డిచుట్టునున్న గచ్చపొదయు గోరింటయు పోయి, నెలనెలా కత్తెరపడు అలంకారపు మొక్కలును ప్రహరీలును వచ్చినవి. చోటు పోయిన పక్షి దొరికిన చోటనే కట్టును. పొలమున గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టవలసిన తీతువు మేడకప్పులపై పెట్టుచున్నది. పిగిలిపిట్ట మూడవ అంతస్తు బాల్కనీలోని క్రోటను కుండీని ఎంచుకొనుచున్నది.

ఆ పిగిలిపిట్ట గూటిని దగ్గఱగా చూడుడు. సన్నని వేళ్లను, ఎండుగడ్డిని సాలెపట్టుతో బిగించి, అరచేత నిముడునంతటి గిన్నెగా అల్లి, లేతగులాబివన్నెపై ఎఱ్ఱని మచ్చలుగల రెండు మూడు గ్రుడ్లు పెట్టి, సుమారు పదునాలుగు దినములు పొదుగును. ముండ్లపొదలో ఆకులే గూటిని దాచెడివి. ఇచ్చట క్రోటనుకున్న ఆకులు కొన్నియే. ఎదుటి కరెంటు తీగపై కూర్చున్న కాకి గూటికై వెదకనక్కఱలేదు, తల్లి రాకపోకలను కనిపెట్టిన చాలును. పిల్లలకు పురుగులే ముఖ్యాహారము గనుక, అవి పుట్టిన పిదప తల్లిదండ్రులు మాటిమాటికి రావలసివచ్చును. వచ్చిన ప్రతిసారియు ఆ చోటును శత్రువునకు తామే చూపుదురు. ఒకనాటి ఉదయమున గిన్నె ఒక ప్రక్కకు ఒరిగియుండును, లోపల నేమియు నుండదు. ఇంటివారు కాకిని తిట్టెదరు.

కాకిని తిట్టుట న్యాయము కాదు. దానికిని పిల్లలున్నవి, దాని గూటిలో కోకిల దొంగతనముగా గ్రుడ్డు పెట్టి పోవుచునే యున్నది. కర్తవ్యాకర్తవ్యవిచారము లేని జీవికి ఆకలి తీర్చుకొనుట పాపము కానేరదు. కాని ఆ వీధిలో అన్ని కాకులను చేర్చినదెవరు? మూతలేని చెత్తకుండీలు, మాంసపుదుకాణముల వ్యర్థములు, పుణ్యమని మనము గోడపై పెట్టిన అన్నము. శ్రాద్ధదినమున పిండము ముట్టుటకై కాకికొఱకు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచిన జాతి మనది. ఆ భక్తిని నేను తక్కువచేయను. నగరములలో భక్షకుల సంఖ్య పెరిగినను గూళ్ల నాశనము ఆ పాళున పెరుగుటలేదని పక్షిశాస్త్రజ్ఞులు గమనించి, మన యెంగిలితో కడుపు నిండిన జంతువు గూళ్లను వెదకుట తగ్గించుట దానికొక కారణము కావచ్చునని ఊహించిరి. అది విని ఊరట పొందుట నాకు సాధ్యము కాలేదు. నగరమున నిలువలేక పోయిన పక్షి గూడు ఏ లెక్కలోను చేరదు గదా.

జైనాచార్యుడగు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసకు లక్షణము చెప్పుచు, ప్రమాదమువలన, అనగా ఏమరుపాటువలన, ప్రాణము తీయుటయే హింస యనెను. అతడు చూచినది కోపమును, ద్వేషమును మాత్రమే కాదు. జాగ్రత్త లేకపోవుటను గూడ. ఈ కొలతకు నగరనిర్మాత తప్పించుకొనలేడు. పొదను నఱికినవాడు గ్రుడ్డును ముట్టలేదు. కాని గ్రుడ్డునకు కాకికి నడుమనున్న ఆకును అతడే తీసెను.

ఖాండవదహనకథలో ఒక గూడున్నది. అర్జునుని గాండీవమును జ్ఞాపకముంచుకొన్నవారు సాధారణముగా దీనిని మఱతురు. మందపాలుడను ఋషి శార్ఙ్గకపక్షియై, జరితయందు నలుగురు పుత్రులను కని, వారిని విడిచి లపిత వెంట పోయెను. మంటలు సమీపించుచుండగా, రెక్కలు రాని పిల్లలను మోయలేక, జరిత వారిని చెట్టుమొదటి ఎలుకకన్నమున దూరుడనియు, పైన మన్ను కప్పెదననియు చెప్పెను. లోపల ఎలుక తినును, వెలుపల అగ్ని దహించును. ఎలుకనోట చచ్చుటకంటె అగ్నిలో పడుట మేలని పిల్లల నిశ్చయము. ఆ ఎలుకను డేగ యెత్తుకొనిపోగా చూచితినని తల్లి చెప్పినను వారు నమ్మరైరి. ఆ బిడ్డలు అగ్నిని స్తుతించిరి. తండ్రి ముందుగనే వేడియుండుటచే అగ్ని వారిని విడిచెను. ఆ దావానలమున మిగిలినవారు తక్షకసుతుడగు అశ్వసేనుడు, మయుడు, ఈ నలుగురు పిల్లలు. మయుడు పిదప పాండవులకు సభ నిర్మించెను. సభ కట్టిన శిల్పియు గూటిలోని పిల్లలును ఒకే మంటనుండి బ్రతికి బయటపడినవారని తలచినప్పుడెల్ల నాకు ఒడలు జలదరించును.

కావున మన కట్టడమును ఆఱవ సూనగా ఎంచి, దానికి తగిన భూతయజ్ఞమును చేయవలెనని నా మనవి. అందు అన్నము చాలదు, చోటు కావలెను. గోడపై బలి యొక పిడికెడుతో నిలిచి, చెత్తకుండీకి మూతపడి, దొడ్డిలో నొకమూల ముండ్లపొద పెరిగి, వేసవిలో గూళ్లు కట్టు నెలలందు దానికి కత్తెర తగులకుండవలెను. ఆ పొదలోనికి జెముడుకాకి దూరదని కాదు, జెఱ్ఱిపోతు ప్రాకదని కాదు. దూరును, ప్రాకును, కొన్ని గూళ్లు పోవును. ఆ పోయినవి వాని ఆకలికి పోయినవి. మన ఏమరుపాటునకు కాదు.