ఆ పిలుపు దక్కని ఇళ్లు

దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, పోయినవారి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాం. పలకరని తెలుసు. అయినా పిలుస్తాం. 2020, 2021 కరోనా కాలంలో ఎన్నో తెలుగు ఇళ్లకు ఆ పిలుపు కూడా దక్కలేదు. అంబులెన్స్ ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి వెళ్లిపోయింది. తలకొరివి పెట్టాల్సిన కొడుకు క్వారంటైన్‌లో ఉండిపోయాడు.

నిబంధనలు మాత్రం అంత కఠినంగా లేవు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలోనే స్పష్టంగా చెప్పింది. మృతదేహం ఉన్న సంచి జిప్పును సిబ్బంది కొంత తీసి ముఖం చూపించవచ్చు. దేహాన్ని తాకకుండా మంత్రాలు చదవొచ్చు, తీర్థం చల్లొచ్చు. స్నానం చేయించడం, ముద్దాడటం, కౌగిలించుకోవడం కూడదు. చితాభస్మంతో ప్రమాదం లేదు, తెచ్చుకుని కర్మ చేసుకోవచ్చు. ఈ మాటలు చాలామంది దాకా చేరనేలేదు. భయం ముందే చేరిపోయింది.

అంత్యక్రియలకు ఇలాంటి చిక్కు అంతకుముందూ వచ్చింది. 2014లో పశ్చిమ ఆఫ్రికాను ఎబోలా పట్టుకుంది. ఆ వ్యాధిలో మృతదేహాన్ని కడిగినా, తాకినా అంటుకుంటుంది. లైబీరియా ప్రభుత్వం దహనం చేయాలని ఆదేశించింది. ఖననమే ఎరిగిన జనం తల్లడిల్లి, దేహాలను దాచి రహస్యంగా పూడ్చుకున్నారు. వ్యాధి ఇంకా పాకింది. ఆ ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మత సంస్థలను సంప్రదించి కొత్త పద్ధతి ప్రకటించింది. ముస్లిం మృతులకు నీళ్ల స్నానానికి బదులు మట్టితో చేసే శుద్ధి తయమ్ముమ్, తెల్లని కఫన్ వస్త్రం, కుటుంబం ఎదుట ప్రార్థన. నీళ్లు వాడలేనప్పుడు ఏం చేయాలో ఇస్లాం ఏనాడో చెప్పి ఉంచింది. దేహమే దొరకకపోతే దర్భలతో ప్రతికృతి చేసి సంస్కారం జరిపించమని మన శాస్త్రాలూ చెప్పాయి. చివరి చూపుకు నోచుకోనివారి దుఃఖం పెద్దలకు తెలుసు.

మన దగ్గర తిరుపతిలో ముస్లిం యువకులు కరోనా మృతులకు వారి వారి మతాచారాల ప్రకారం అంత్యక్రియలు జరిపారు. కన్నవాళ్లు రాలేని చోట వాళ్లు నిలబడ్డారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

నన్ను ఇప్పటికీ బాధించేది అంత్యక్రియల తర్వాతి పది రోజులు. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే అన్నం తెచ్చిపెడతారు. కరోనా ఇంటి వైపు ఎందరో తొంగి చూడలేదు. క్యారియర్ గుమ్మం ముందు పెట్టి, వీధిలో నిలబడి ఒక్క మాట పలకరించి ఉంటే ఏ వైరస్సూ అంటేది కాదు.

భాద్రపద బహుళంలో మహాలయ పక్షం వస్తుంది. అప్పట్లో కర్మ సరిగా జరగలేదని కుమిలిపోతున్నవారు ఆ రోజుల్లో పితృకార్యం పెట్టుకోవచ్చు. పురోహితులు ఆ సంగతి వాళ్లకు చెప్పి ధైర్యమివ్వాలి. బంధువులు ఈసారైనా వెళ్లి, పంక్తిలో కూర్చుని, పోయినవారి గురించి ఆ ఇంటివాళ్లు చెప్పుకున్నంతసేపూ వినాలి.