మనలను వెంబడింపనివారు

ధ్యాన భాగము: మార్కు సువార్త 9:38–40



"వారు క్రైస్తవులా, ఆర్.సి.ఎం. వారా?" అను ప్రశ్న మన పల్లెలలో తరచుగా వినబడుచున్నది. పెండ్లి సంబంధము వచ్చినప్పుడు అడుగుదురు. సమాధుల తోటలో చోటు కావలసివచ్చినప్పుడు అడుగుదురు. అడుగువారి మనస్సులో చెడుతలంపు లేకపోవచ్చును. అయినను ఆ మాటలోనే ఒక తీర్పు దాగియున్నది. క్రైస్తవులనగా మనమేననియు, రోమను కథోలికులు వేరొక మతమువారనియు ఆ ప్రశ్న ముందుగానే తీర్పు చెప్పుచున్నది. ఈ తీర్పు సరియైనదేనా? వాక్యపు వెలుగులో చూతము.

పైనుదహరించిన భాగములో యోహాను ప్రభువునొద్దకు వచ్చి ఒక సంగతి తెలియజేసెను. ఎవడో ఒకడు ప్రభువు నామమున దయ్యములను వెళ్లగొట్టుచుండగా శిష్యులు చూచి, వానిని ఆటంకపరచిరి. కారణమేమి? అతడు ప్రభువును వెంబడింపలేదని యోహాను చెప్పలేదు. తమను వెంబడింపలేదని చెప్పెను. ఈ భేదము గమనించుడి. ప్రభువు ఆ ఆటంకమును మెచ్చుకొనలేదు. తన నామమున కార్యము చేయువాడు వెంటనే తన్ను నిందింపలేడనియు, మనకు విరోధి కానివాడు మన పక్షమువాడేననియు బోధించెను. ఆ మనుష్యుని పేరు వ్రాయబడలేదు. అతడు పండ్రెండుమందితో వచ్చి చేరినట్లును వ్రాయబడలేదు. అయినను ప్రభువు వానిని కాదనలేదు.

కథోలిక అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. అంతటికి చెందినది, సార్వత్రికమైనది అని దాని అర్థము. రెండవ శతాబ్దపు ఆరంభములో అంతియొకయ అధ్యక్షుడైన ఇగ్నాతియ తన పత్రికలో సంఘమునుగూర్చి ఈ మాట వాడెను. అప్పటికి రోమనులు, ప్రొటెస్టెంటులు అను విభాగము లేదు. అపొస్తలుల విశ్వాస ప్రమాణమును చెప్పు సంఘములవారు సార్వత్రిక సంఘమును నమ్ముచున్నామని చెప్పునప్పుడు ఆ మాటనే తెలుగులో పలుకుచున్నారు. కాబట్టి ఆ పేరు రోమువారి సొత్తు మాత్రమే కాదు. నేడు రోమను కథోలికులు సుమారు 140 కోట్లమంది. ప్రపంచ క్రైస్తవులలో ఇంచుమించు సగము. అంతమందిని క్రీస్తు సంఘమునకు వెలుపల ఉంచి సార్వత్రికమని పలుకుట ఎట్లు? అట్లే రోము సంఘమే సంఘమంతయు అనుటయు మనము ఒప్పుకొనజాలము. చేయి దేహములోనిది, అయినను చేయియే దేహము కాదు (1 కొరింథీ 12).

మన ప్రాంతపు చరిత్రయు ఇదే నేర్పుచున్నది. 1805లో లండను మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు విశాఖపట్టణమునకు వచ్చిరి. వారికి తెలుగు రాదు. సువార్తను తెలుగుచేయుటలో వారికి కుడిచేయిగా నిలిచినవాడు ఆనందరాయరు అను బ్రాహ్మణుడు. ఈయన క్రీస్తునుగూర్చి మొదట వినినది కథోలికులవలన. మొదట బాప్తిస్మము పొందినదియు వారియొద్దనే. తరువాత తరంగంబాడిలోని లూథరను మిషనరీలయొద్దకు పోయి, అటుపిమ్మట విశాఖపట్టణము చేరెను. క్రాన్ 1809లో మన శ్రీకాకుళములోనే కన్నుమూసెను. డెస్ గ్రాంజెస్ 1810లో గతించెను. వారు సిద్ధపరచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను.

సహోదరులారా, దీనిని ఆలోచించుడి. తెలుగులో అచ్చుపడిన ఆ తొలి సువార్తల వెనుక ఒక కథోలికుని సాక్ష్యము, లూథరనుల బోధ, లండను మిషనువారి ప్రయాస కలిసియున్నవి. అటుతరువాత ఫ్రాన్సిస్ డీ సేల్స్ సభకు చెందిన కథోలిక గురువులు సవాయి దేశమునుండి 1845లో బయలుదేరి విశాఖపట్టణమునకు వచ్చిరి. కెనడా బాప్టిస్టు మిషను 1874లో కాకినాడలో ఆరంభమై భీమునిపట్టణము, బొబ్బిలి, శ్రీకాకుళము, పాలకొండ, టెక్కలి మొదలగు స్థలములకు వ్యాపించెను. ఒకరు నాటిరి, మరియొకరు నీళ్లు పోసిరి. వృద్ధి కలుగజేసినవాడు దేవుడే.

అయితే భేదములు లేవా? ఉన్నవి. వాటిని దాచుట ప్రేమ కాదు. మన బైబిలులో 66 గ్రంథములు; వారి బైబిలులో 73. వాక్యమే విశ్వాసమునకు చాలిన కొలతయని మనము నమ్ముచున్నాము. వారు వాక్యముతోకూడ సంఘ పారంపర్యమును, పోపుగారి అధికారమును అంగీకరించుచున్నారు. మరియమ్మగారిని, పరిశుద్ధులను ప్రార్థనాసహాయము వేడుదురు; దేవునికిని నరులకును మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేయని (1 తిమోతి 2:5) మనము ఆయనయొద్దకే పోవుచున్నాము. శిశువులకు బాప్తిస్మమిచ్చుట వారి పద్ధతి. విశ్వసించినవారికి ముంచుట మన బాప్టిస్టు సంఘముల పద్ధతి. ఇవి చిన్న సంగతులు కావు.

అయినను భేదమును చెప్పునప్పుడు సత్యమే చెప్పవలెను. కథోలికులు మరియమ్మను దేవునిగా ఆరాధించుదురని మనలో కొందరందురు. ఆరాధన దేవునికి మాత్రమే చెందుననియు, ఆమెకు చేయునది గౌరవమనియు వారి సంఘము బోధించుచున్నది. ఆ గౌరవము హద్దుమీరుచున్నదని మనము వాదింపవచ్చును. వారు చెప్పనిది చెప్పిరనుట మాత్రము అబద్ధ సాక్ష్యమగును. అబద్ధ సాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ మన లెక్కలో తొమ్మిదవది, వారి లెక్కలో ఎనిమిదవది. లెక్క వేరైనను ఆజ్ఞ యొక్కటే. అది ఇరువురిని కట్టివేయుచున్నది.

మరియు వారు మన తాతలు చూచిన చోటనే నిలిచియుండలేదు. 1962 మొదలు 1965 వరకు రోములో జరిగిన రెండవ వాటికను మహాసభ, ఇతర సంఘములలో క్రీస్తును విశ్వసించి బాప్తిస్మము పొందినవారిని సహోదరులుగా ఒప్పుకొనెను. పూర్వము లాటినులో జరిగిన పూజ ప్రజల భాషలోనికి వచ్చెను. విశ్వాసులందరు బైబిలు చదువవలెనని ఆ సభ ప్రోత్సహించెను. 1517లో లూథరుగారు లేపిన వాదమునకు మూలమైన నీతిమంతులుగా తీర్చబడుటనుగూర్చి, 1999 అక్టోబరు 31న ఔగ్స్‌బర్గు పట్టణమున లూథరను సంఘముల సమాఖ్యయు రోము సంఘమును ఒక ఉమ్మడి ప్రకటనపై చేవ్రాలు చేసిరి. మన పుణ్యమువలన కాదు, క్రీస్తునందలి విశ్వాసముచేత కృపవలననే దేవుడు మనలను అంగీకరించునని అందులో ఇరువురు ఏకముగా ఒప్పుకొనిరి. భేదములన్నియు తీరలేదు, అయినను నాలుగువందల యేండ్లకు మించిన గోడలో ఒక ద్వారము తెరువబడెను.

మన సరిహద్దునకు ఆవల ఒడిశాలోని కందమాలులో 2007 క్రిస్మసు దినములలోను, మరల 2008 ఆగస్టులోను జరిగినది మనము మరువరాదు. బాప్టిస్టుల మందిరములును కథోలికుల దేవాలయములును కూడ కాలెను. ఇరువురి కుటుంబములును అడవులలో దాగెను, శిబిరములలో తలదాచుకొనెను. శత్రువునకు వారు ఒక్క జనమే. ప్రభువునకు వారు ఒక్క జనము కారా? మనకు మాత్రము ఎందుకు కారు?

కాగా మనము చేయవలసినదేమి?

మొదటిది, మాటను దిద్దుకొందము. "క్రైస్తవులా, ఆర్.సి.ఎం. వారా?" అనుట మానుదము. ఏ సంఘమువారని అడుగుట చాలును. మన పిల్లలు మన నోటనుండియే మాట నేర్చుదురు.

రెండవది, పెండ్లిండ్ల విషయము. కథోలిక గృహమునకు కోడలిగా పోయిన మన బిడ్డను చచ్చినదానివలె ఎంచు తలిదండ్రులున్నారు. ఆ బిడ్డ కాన్పుకు పుట్టినింటికి వచ్చినప్పుడు తల్లి పెట్టు అన్నములోకూడ దెప్పుమాటలుండును. ఇది క్రీస్తు ఆత్మయా? పెండ్లికి ముందే ఇరు కుటుంబములును కూర్చుండి, పిల్లల బాప్తిస్మమునుగూర్చియు ఆరాధననుగూర్చియు దాపరికము లేక మాటలాడుకొనవలెను. మన కాపరియు వారి గురువును కలిసి ఉపదేశించిన మరింత మంచిది. పెండ్లి జరిగిన పిదప తలుపు మూయరాదు.

మూడవది, వారిలోనివాడొకడు మన సంఘమునకు వచ్చి ముంచబడగోరినయెడల, వాని మనస్సాక్షిని పరీక్షించి చేర్చుకొందము. అయితే అన్యుడొకడు రక్షింపబడెనని చాటింపు వేయకుందము. మనలోనివాడొకడు అటు పోయినయెడల వానికొరకు ప్రార్థింతము, శపింపకుందము.

నాలుగవది, కలిసి చేయగలిగినవి కలిసి చేయుదము. తుపాను వచ్చినప్పుడు బియ్యము పంచుటకును, రోగిని ఆసుపత్రికి మోయుటకును, చనిపోయినవానిని సమాధి చేయుటకును ఒకే సిద్ధాంతము అవసరము లేదు. బల్లయొద్ద మనమింకను వేరుగానే ఉన్నాము, దానికి దుఃఖపడుదము. ఆ దుఃఖమే మనలను ప్రార్థనకు నడిపించును గాక.

ప్రభువు సిలువకు పోవు రాత్రి తనవారందరు ఏకమైయుండవలెనని తండ్రిని వేడుకొనెను (యోహాను 17). ఆ ప్రార్థన ఇంకను పూర్తిగా నెరవేరలేదు. దాని నెరవేర్పునకు అడ్డుగా నిలుచువారు మన గ్రామములో ఎవరని వెదకునప్పుడు, మొదట మన యింటిలోనే వెదకుదము.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, నీ కుమారుని నామము ధరించిన వారినందరిని నీవు ఎరుగుదువు. మమ్మును వెంబడింపనివారు నిన్ను వెంబడింపనివారని మేము తలంచిన పాపమును క్షమించుము. సత్యమును విడువని ప్రేమను, ప్రేమను విడువని సత్యమును మాకు దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.