కోపానికి వైద్యం – సిగ్గుపడే విషయమా?

ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తనకేదైనా ఉపదేశం చేయమని కోరాడు. కోపం తెచ్చుకోవద్దని ఆయన (స) చెప్పారు. ఆ వ్యక్తి మళ్ళీ మళ్ళీ అడిగాడు. ప్రతిసారీ అదే జవాబు వచ్చింది. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది. మనలో చాలామందికి ఇది తెలుసు. మరి మన ఇళ్ళలో ఇది ఎంతవరకు అమలవుతోంది?

సామర్లకోటలో ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటి యజమాని రైస్ మిల్లులో రోజంతా ఊకదుమ్ములో కష్టపడి వస్తాడు. ఐదు పూటలా నమాజు చేస్తాడు. బజారులో అందరితో మర్యాదగా మాట్లాడతాడు. కాని ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే కంచం గోడకు తగులుతుంది. ఆయన చెప్పుల చప్పుడు వినగానే పిల్లలు మాటలు ఆపేసి లోపలి గదిలోకి వెళ్ళిపోతారు. రాత్రి ఆయనే కుమిలిపోతాడు, తౌబా చేస్తాడు. పది రోజులకు మళ్ళీ అదే కథ. పెద్దలు ఆ ఇల్లాలితో "సబర్ చేయమ్మా" అంటారు. ఆయనతో మాత్రం ఎవరూ ఏమీ అనరు.

సోదరులారా! కుస్తీలో ఎదుటివాడిని పడగొట్టేవాడు బలవంతుడు కాడని, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకునేవాడే అసలైన బలవంతుడని దైవప్రవక్త (స) బోధించారు. దివ్య ఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా 134వ ఆయతు కోపాన్ని దిగమింగేవారిని, ప్రజలను క్షమించేవారిని ప్రశంసించింది. కోపమే రానివారని అనలేదు. వచ్చిన కోపాన్ని ఆపుకోవడం నేర్చుకోవలసిన విద్య అని దీన్నిబట్టి మనం గ్రహించాలి.

ఆ విద్యను ఆయనే (స) నేర్పారు. కోపంతో ముఖం ఎర్రబడిన ఒక వ్యక్తిని చూసి, షైతాను నుండి అల్లాహ్ శరణు వేడుకుంటే అది తగ్గిపోతుందన్నారు. నిలబడి ఉంటే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే పడుకోమని చెప్పారు. చాలామందికి ఈ ఉపాయాలే చాలు.

చాలని వారి సంగతేమిటి?

ఇవన్నీ తెలిసినా, ఎన్నిసార్లు తౌబా చేసినా చెయ్యి లేస్తూనే ఉందంటే, వస్తువులు పగులుతున్నాయంటే, పిల్లలు తండ్రి ముఖం చూసి భయపడుతున్నారంటే ఇక ఆలోచించాలి. నిద్రలేమి, మద్యం, దిగులు వ్యాధి, కొన్ని శరీర రుగ్మతలు కూడా మనిషిని ముక్కోపిగా మార్చగలవు. ఇది "గాలి సోకడం" అనుకుని తాయెత్తుల కోసం తిరిగితే కాలం వృథా అవుతుంది, ఇంట్లోవాళ్ళ బాధ తీరదు.

దైవదాసులు వైద్యం చేయించుకోవాలని, వృద్ధాప్యం తప్ప మందు లేని జబ్బును అల్లాహ్ సృష్టించలేదని దైవప్రవక్త (స) చెప్పినట్లు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ఈ మాట శరీరానికే పరిమితమని ఎవరనగలరు? క్రీస్తుశకం 934లో మరణించిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ శరీరాల, మనసుల ఆరోగ్యం గురించి ఒకే గ్రంథం రాశారు. మనసుకు వచ్చే రుగ్మతల్లో కోపాన్ని కూడా చేర్చారు. ఆపద వేళకు మందులు ఇంట్లో దాచుకున్నట్లే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సిద్ధం చేసుకోవాలని సూచించారు. నేటి కౌన్సెలింగ్‌లో చేయించేది కూడా దాదాపు ఇలాంటిదే.

అక్కడ ఏం జరుగుతుంది? ఏ మాటకు, ఏ వేళకు కోపం వస్తోందో గుర్తించమంటారు. గుండె దడ, బిగుసుకునే పిడికిలి వంటి తొలి సంకేతాలను పట్టుకోవడం నేర్పుతారు. ఆ క్షణంలో అక్కడినుండి పక్కకు వెళ్ళడం, నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, "నన్ను అవమానించారు" అన్న ఆలోచన నిజమేనా అని ప్రశ్నించుకోవడం సాధన చేయిస్తారు. అవసరమైతేనే డాక్టరు మందులు రాస్తారు. కొన్ని వారాలు ఓపికగా వెళ్ళాలి.

సామర్లకోట వారికి కాకినాడ దూరమేమీ కాదు. అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్ళడానికి సంకోచించేవారు టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో ప్రారంభమైన ఈ సేవ రాత్రింబవళ్ళు అందుతుంది. ఊళ్ళో తెలుస్తుందన్న భయం అక్కర్లేదు. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

"డాక్టరు దగ్గరికి వెళితే ఈమాన్ బలహీనమైనట్లు కాదా?" అని కొందరు అడుగుతారు. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధనను మనం మరచిపోకూడదు. దుఆ, నమాజు, వైద్యం ఒకదానికొకటి పోటీ కావు.

ఇల్లాలికి, పెద్దలకు ఒక మాట

సబర్ అంటే దెబ్బలు తింటూ కూర్చోవడం కాదు. దైవప్రవక్త (స) ఏ స్త్రీనీ, ఏ సేవకుడినీ తన చేతితో కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు. ప్రమాదం ఉన్నచోట ముందు తల్లీబిడ్డల క్షేమం చూడాలి. 181 నంబరుకు ఫోన్ చేయాలి. గృహహింస నుండి రక్షణకు 2005 చట్టం ఉంది. భర్త వైద్యం మొదలుపెట్టాడన్నంత మాత్రాన భార్య ఆ ప్రమాదంలో ఉండిపోవాలని పెద్దలు బలవంతం చేయకూడదు.

తప్పు చేసినవాడు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటే సరిపోదు. బాధపడిన వారి హక్కు అతని మెడమీదే ఉంటుంది. వారిని క్షమాపణ అడగాలి, మళ్ళీ అలా జరగకుండా ఏర్పాటు చేసుకోవాలి. తన జబ్బుకు వైద్యం వెతుక్కోవడం ఆ తౌబాలో భాగమేనని మేము భావిస్తున్నాం.

మన పిల్లలు మన చెప్పుల చప్పుడు విని లోపలికి కాక, గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చే ఇళ్ళను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.