విధియా? ప్రమాదమా?

ఆకస్మిక మరణవార్త చెవినిబడగానే ‘విధి బలీయము’ అను మాట నోట వెలువడుట లోకసహజము. అయితే ఆ మాట ఎవరితో చెప్పదగినది? ఎవరు చెప్పుకొనదగనిది? భగవంతుని నమ్మిన ప్రతి గృహస్థుడును విచారింపవలసిన విషయమిది.

విశాఖపట్టణమున మద్దిలపాలెమునకు చేరువనున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుండి న్యాయశాస్త్ర పట్టమును పొంది, కోనసీమలోని ఒక లంకగ్రామము నుండి లోక్‌సభ స్పీకరు పీఠము వరకు ఎదిగినవారు శ్రీ జి.యం.సి. బాలయోగి. 2002 మార్చి 3వ తేదీ ఉదయమున వారు భీమవరము నుండి చిన్న హెలికాప్టరులో బయలుదేరిరి. మంచు క్రమ్మి దారి సరిగా కానరాలేదు. నాటి కృష్ణాజిల్లా కైకలూరు ప్రాంతమున, కొవ్వాడలంక వద్ద, నేల యని తలచి దింపబోయిన చోటు చేపల చెరువని అప్పటి వార్తలు తెలిపినవి. స్పీకరు, వారి అంగరక్షకుడు, పైలట్ ముగ్గురును అసువులు బాసిరి. నీటిని నేలగా భ్రమించుట మయసభలో దుర్యోధనుని నవ్వులపాలు చేసినది. ఇచ్చట ముగ్గురి ప్రాణములను గొన్నది.

ఏడేండ్ల తరువాత, 2009 సెప్టెంబరు 2న, నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి పయనించుచున్న హెలికాప్టరు వానమబ్బులలో చిక్కి నల్లమల అడవిలో కూలినది. అందలి అయిదుగురును మరణించిరి. గేరుబాక్సు నూనె ఒత్తిడిని గూర్చిన సందేహమున పైలట్ల దృష్టి నిలిచియుండగా హెలికాప్టరు తుపాను మేఘమున ప్రవేశించెనని విచారణ సంఘము తేల్చినది.

ఇదంతయు దైవకృతమేనా? గీత పదునెనిమిదవ అధ్యాయము ప్రతి కార్యమునకును ఐదు కారణములను చెప్పుచు, దైవమును ఐదవదిగా పేర్కొన్నది. భగవద్రామానుజులు తమ భాష్యమున ఆ దైవము అంతర్యామియగు పరమాత్మయే యనియు, ఆయనయే ప్రధాన కారణమనియు వివరించిరి. అట్లయినచో ‘ఇది చేయుము, ఇది చేయకుము’ అను శాస్త్రము వ్యర్థము కాదా? ఈ ప్రశ్నను వారే లేవనెత్తి సమాధానమిచ్చిరి. పరమాత్మ దేహేంద్రియములను, శక్తిని ఒసగును; జీవుడు తన బుద్ధితో ప్రయత్నమును ఆరంభించును; పరమాత్మ అనుమతించి దానిని సాగించును. పెద్ద బండను పలువురు కలిసి కదల్చునప్పుడు అందరును కారకులే. శాస్త్రవిధి అందరికిని వర్తించును.

ఆకాశయానమును అట్టి బండయే. వాతావరణమును పరిశీలించువారు, యంత్రమును సిద్ధపరచువారు, నడుపువారు, ప్రయాణమును నిర్ణయించువారు అందరును దానిపై చేయి వేసినవారే. కనుక దోషమంతయు మరణించిన పైలట్ నెత్తిన మోపుట న్యాయము కాదు. అంతయు విధి యని విచారణను కట్టిపెట్టుటయు న్యాయము కాదు. దుర్ఘటనకు తెలుగువారు వాడు ‘ప్రమాదము’ అను పదమునకు సంస్కృతమున ఏమరుపాటు అనియే అర్థము.

భర్తను కోల్పోయిన ఇల్లాలితో, కుమారుని కోల్పోయిన తండ్రితో ‘భగవంతుని సంకల్పము’ అనుట ఓదార్పు. అట్టివారిని ‘ఆనాడు ఏల వెళ్ళనిచ్చితిరి?’ అని అడుగుట క్రూరత్వము. కాని రేపటి ప్రయాణమునకు బాధ్యుడైనవాడు అదే మాటను ముందుగా పలికినచో అది భక్తి కాదు, సాకు. శరణాగతికి చెప్పబడిన ఆరు అంగములలో భగవంతునికి అనుకూలముగా నడచుకొందునను సంకల్పము మొదటిది. ఆయన రక్షించునను విశ్వాసము దాని తరువాత వచ్చును.

మద్దిలపాలెము మీదుగా సింహాద్రినాథుని దర్శనమునకు పోవు కుటుంబములకును ఇది వర్తించును. వానలో కొండదారి కానరానప్పుడు డ్రైవరు ‘కొంచెము ఆగుదము’ అన్నచో, దర్శనవేళ మించిపోవునని అతనిని తొందరపెట్టరాదు. ఆ తొందరయు బండపై వేసిన చేయియే. ఆగిన చోటనే నామస్మరణ చేసికొనవచ్చును. ఆలస్యముగా వచ్చిన భక్తుని స్వామి కాదనడు.