రేవులో నిలిచిన పెట్టె: ఆలస్య రుసుము వడ్డీయేనా?

విజయవాడ వన్‌టౌన్‌లో ఖర్జూరాల వ్యాపారం చేసే ఒక సోదరుడు ఒక షాబాన్ నెలలో, అస్ర్ నమాజు తర్వాత మా దగ్గరికి ఒక కాగితం తీసుకొచ్చారు. ఆయన సరుకు కంటెయినర్‌లో చెన్నై రేవుకు వచ్చి ఉంది. ఓడ నుంచి దిగిన పెట్టెకు కొద్ది రోజుల వరకు రుసుము ఉండదు. ఆ గడువు దాటితే, చోటు ఆక్రమించినందుకు యార్డు వారు ఒక రుసుము, తమ పెట్టెను తిరిగి అప్పగించనందుకు ఓడ కంపెనీ వారు మరో రుసుము వేస్తారు. మొదటిదాన్ని డెమరేజ్ అని, రెండోదాన్ని డిటెన్షన్ అని అంటారు. వాడుకలో ఈ రెండు పేర్లూ కలిసిపోతుంటాయి. ఆలస్యం ముదిరేకొద్దీ రోజువారీ రేటు కూడా పెరుగుతుంది.

"హజ్రత్, రోజు గడిస్తే డబ్బు పెరుగుతోంది. ఇది వడ్డీ కాదా?" అని అడిగారాయన.

మేము తొందరపడ్డాం. చూస్తే అలాగే ఉందన్నాం. ఆయన సంతోషంగా వెళ్ళిపోయారు. ఆ సంతోషమే ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. హరామ్ అన్న మాట విన్నవాడు భయపడాలి గాని సంతోషించటమేమిటి?

అజ్ఞానకాలపు అరబ్బుల వడ్డీ ఎలా ఉండేదో ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. అప్పు గడువు తీరగానే అప్పిచ్చినవాడు వచ్చి, ఇప్పుడు తీరుస్తావా లేక మొత్తం పెంచుతావా అని అడిగేవాడు. పెరిగిన సొమ్ముకు బదులుగా అతను ఇచ్చేది గడువు తప్ప మరేమీ లేదు. కంటెయినర్ అప్పు కాదు, ఒక వస్తువు. యజమాని దాన్ని ఒక రేవు నుంచి మరో రేవుకు తిప్పుతూ సంపాదించుకుంటాడు. అది మన సరుకును మోస్తూ నిలిచి ఉన్న ప్రతిరోజూ ప్రయోజనం మనకు, నష్టం అతనికి. గడువు తీరినా ఇల్లు ఖాళీ చేయనివాడు కట్టే అద్దెను ఎవరూ వడ్డీ అనరు కదా!

హనఫీ ఫిఖహ్‌లో ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం ఉంది. అనుమతి లేకుండా ఇతరుల సొత్తును తన దగ్గర ఉంచుకున్నవాడు ఆ సొత్తుకు బాధ్యుడే గాని, దాన్ని వాడుకున్నందుకు అద్దె ఇవ్వనక్కర లేదని మన మజ్‌హబ్ పూర్వ పండితులు అన్నారు. తర్వాతి పండితులు మూడింటిని దీని నుంచి మినహాయించారు: వక్ఫ్ ఆస్తి, అనాథల ఆస్తి, అద్దెకిచ్చి సంపాదించటానికే ఉంచిన ఆస్తి. వీటికి న్యాయమైన అద్దె, అంటే అజ్రె మిస్ల్, చెల్లించవలసిందే. ఉస్మానియా పాలనలో క్రోడీకరించిన మజల్లాలోనూ ఈ నియమం ఉంది. కంటెయినర్ ఈ మూడో రకానికి చెందినదే. ఈ మస్అలాను మేము మదరసాలో చదివాం, పరీక్షలో రాశాం. తీరా కాగితం చేతికొచ్చినప్పుడు గుర్తు రాలేదు!

మరి మామూలు అద్దె కంటే ఎక్కువ వేస్తే? సహీహ్ బుఖారీలోని షరతుల అధ్యాయంలో ఇబ్నె సీరీన్ (రహ్మలై) తెలిపిన ఒక ఉదంతం ఉంది. ఒకతను సవారీ జంతువులను బాడుగకు మాట్లాడుకుని, ఫలానా రోజు తాను బయలుదేరకపోతే నూరు దిర్హములు ఇస్తానన్నాడు. ఆ రోజు బయలుదేరలేదు. బలవంతం లేకుండా తనకు తాను విధించుకున్న షరతు గనుక అతను ఇవ్వాల్సిందేనని ఖాజీ షురైహ్ (రహ్మలై) తీర్పు చెప్పారు. పండితులందరూ దీన్ని స్వీకరించలేదు. 2000లో రియాద్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ మాత్రం ఇటువంటి పరిహార షరతును అనుమతించింది. అయితే అసలు బాధ్యత అప్పు అయిన చోట అది చెల్లదని, మనిషి చేతిలో లేని కారణంతో ఆలస్యమైతే దాన్ని అమలు చేయరాదని చెప్పింది.

రుసుము వేసేవారు ఈ చివరి మాట దగ్గర ఆగి ఆలోచించాలి. 2020 మార్చిలో దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు లారీలు కదల్లేదు, కూలీలు లేరు. పెట్టెను తెచ్చుకోమంటే ఎవరు తెచ్చుకోగలరు? ఆ కాలానికి డిటెన్షన్ వసూలు చేయవద్దని కేంద్ర షిప్పింగ్ డైరెక్టరేట్ ఓడ కంపెనీలకు సూచించింది. అమెరికాలో 2021లో లాస్ ఏంజిలెస్, లాంగ్ బీచ్ రేవులు కిక్కిరిసిపోయి, ఖాళీ పెట్టెను తిరిగి ఇద్దామన్నా యార్డు తీసుకోని పరిస్థితి వచ్చింది. బిల్లులు మాత్రం ఆగలేదు. ఈ రుసుము సరుకును కదిలించటానికే గాని సంపాదనకు కాదని అక్కడి సముద్ర రవాణా కమిషన్ 2020లోనే చెప్పి ఉంది. 2022 జూన్‌లో చట్టం కూడా వచ్చింది. శక్తికి మించిన భారం అల్లాహ్ ఏ ప్రాణిపైనా మోపడని విశ్వసించే మనకు ఇది కొత్త సంగతి కాదు.

తెల్లవారి ఆ సోదరునికి ఫోన్ చేస్తే కలవలేదు. మూడో రోజు కలిశారు. ఈలోగా ఆయన మా మాట పట్టుకుని ఓడ కంపెనీతో వాదించారు. వారు డెలివరీ ఆర్డర్ ఇవ్వలేదు. చివరికి క్లియరింగ్ ఏజెంటు తన జేబులోంచి కట్టి పెట్టెను విడిపించాడు. ఇంతకూ మొదట్లో ఆలస్యం ఎందుకైందని అడిగాం. కాగితాల గొడవ అన్నారు. కాసేపాగి, రంజాన్ దగ్గరపడితే ధర వస్తుందని చూశానన్నారు. ధర కోసం సరుకును దాచిపెట్టేవాణ్ణి దైవప్రవక్త (సఅసం) పాపి అన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. తన ఒక్క పెట్టెతో ఊళ్ళో ధర మారుతుందా అన్నారు. మారకపోవచ్చు. కానీ ఆ రుసుములో అన్యాయం లేదని ఒప్పుకున్నారు.

ఏజెంటు బిల్లులో మాత్రం కింద ఇంకో పంక్తి ఉంది: తాను కట్టిన సొమ్ము తిరిగి చేరేదాకా నెలకు ఇంత శాతం. వడ్డీ అంటే ఇదే! ఆయన వడ్డీ అనుకున్నది అద్దె అయింది, పట్టించుకోకుండా దాటేసిన పంక్తి వడ్డీ అయింది. ఏజెంటు అసలు సొమ్ము, అతని పనికి ఫీజు ఈరోజే చెల్లించి ఆ పంక్తిని కొట్టించమని చెప్పాం. కట్టే స్తోమత ఉండీ వాయిదా వేయటం కూడా దౌర్జన్యమే గనుక "రేపు" అనవద్దన్నాం.

"మీరు వాదించిన ఆ రెండు రోజులు లారీ ఎక్కడుంది?" అని అడిగాం.

"రేవు బయటే, లైన్లో ఉంది."

"డ్రైవరు?"

"లారీలోనే పడుకున్నాడు."

ఆ రెండు రోజులకు అతనికి ఏమైనా ఇచ్చారా అని అడిగాం. మేము తొందరపడి అన్న మాట వల్ల నిలిచిన రోజులవి, కాబట్టి ఒక రోజుది మేమిస్తామన్నాం. ఆయన వద్దని, జేబులోంచి ఫోన్ తీసి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నంబరు వెతకసాగారు.