పాపీ పక్కన జిప్సోఫిలా

ఇంగ్లండ్ దక్షిణాన సస్సెక్స్‌లో ఒక పల్లె. ఆ పల్లెలో పెద్ద తోట ఉన్న పాత ఇల్లు. ఇంటి వెనక దక్షిణం వైపు తిరిగిన ఇటుక గోడ, గోడ పొడవునా పూలమడి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ తగిలే చోటది. ఆ మడిలో మూడు చోట్ల ఓరియంటల్ పాపీలు ఉండేవి. మన వంటింటి గసగసాల మొక్కకు ఇది దాయాది. గసగసాల మొక్క ఏడాదిలోనే పూసి, కాసి, చచ్చిపోతుంది. ఇది అలా కాదు, ఒకసారి నాటుకుంటే ఏళ్ల తరబడి అదే చోట ఉంటుంది. కాకసస్ కొండలు, తూర్పు టర్కీ, ఉత్తర ఇరాన్ దీని పుట్టిల్లు. 1700లో ఆ దేశాలు చూడడానికి బయలుదేరిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు టూర్నెఫోర్ దీన్ని పారిస్‌కు చేర్చాడు. అక్కడి నుంచి యూరప్ తోటలకు పాకింది. దీనికి శీతాకాలపు చలి కావాలి కాబట్టి మన మైదానాల్లో నిలవదు.

ఆ తోటను చాలా ఏళ్లుగా ఒక ముసలి తోటమాలి చూసేవాడు. ఒక ఏడు వసంతంలో ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఒక కుర్రాడు చేరాడు. మే చివర్లో కుర్రాడు మొదటిసారి పాపీ విచ్చుకోవడం చూశాడు. గరుకు నూగుతో అప్పటిదాకా తల వంచుకుని ఉన్న మొగ్గ నిటారుగా లేచింది. పై చిప్ప రెండుగా విడి కింద పడింది. లోపల్నించి ఎర్రటి రేకులు, పెట్టె అడుగు నుంచి తీసిన పట్టుచీరలా ముడతలు ముడతలుగా వచ్చి, కాసేపట్లో సాపుగా పరుచుకున్నాయి. అరచేతికి మించిన పువ్వు. ఒక్కో రేకు అడుగున నల్లటి మచ్చ, నడుమ ఊదా కలిసిన నలుపు కేసరాలు. వచ్చి వెళ్తున్న తేనెటీగల కాళ్లకు కూడా నల్లటి పుప్పొడే. కుర్రాడు చేతిలో పని మరిచిపోయి నిలబడ్డాడు. పెద్దాయన చూసి కూడా ఏమీ అనలేదు.

జూన్‌లో పెద్దాయన నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, కొన్ని నెలలపాటు బరువు పనుల జోలికి పోవద్దన్నారు. బ్రైటన్‌లో ఉంటున్న కూతురు వచ్చి తన ఇంటికి తీసుకెళ్లింది. ఆ హడావిడిలో పాపీల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

జూలై వచ్చింది. పాపీ ఆకులు కొసల నుంచి పసుపెక్కాయి. తర్వాత గోధుమరంగుకు తిరిగి నేలకు వాలాయి. కాడలు గడ్డిపోచల్లా ఎండాయి, కాయ కదిలిస్తే మూత కింది కన్నాల్లోంచి గింజలు రాలాయి. కుర్రాడి గుండె జారిపోయింది. నాకు అప్పజెప్పి వెళ్తే నేను చంపేశాను అనుకున్నాడు. మొదటి చోట రోజూ రెండు డబ్బాల నీళ్లు పోశాడు. ఆకు లేవలేదు, ఇంకో డబ్బా కలిపాడు. సస్సెక్స్ బంకమన్ను ఆ నీళ్లు దిగనివ్వలేదు. రెండో చోట నీళ్లు మానేసి, అసలు లోపల ఏమైందో చూద్దామని ముళ్లపార దింపాడు. వేలంత లావు వేరు టక్కుమని విరిగి తెల్లటి పాలు కార్చింది. భయపడి చేతికి వచ్చినంత వేరు పీకి పారేసి, మన్ను కప్పేశాడు. మూడో చోటు మాత్రం అతని కంటికి ఆనలేదు. దాని వెనకనున్న జిప్సోఫిలా అప్పటికే ముందుకు ఒరిగి, చిన్న చిన్న తెల్లపూలతో ఆ ఖాళీని పూర్తిగా కప్పేసింది. మన బొకేల్లో గులాబీల మధ్య గుచ్చే తెల్లపూల కొమ్మ ఉందే, అదే.

ఆ ఇంటి అమ్మగారు మడిలో రెండు ఖాళీలు చూసి నొచ్చుకుంది. సెప్టెంబరులో కుర్రాణ్ణి పిలిచి, "పెద్దాయన ఇక పని చేయగలడని నాకు నమ్మకం లేదు. ఆ చోట ఇంకొకర్ని పెట్టుకుందామనుకుంటున్నా" అంది.

ఆ ఆదివారం కుర్రాడు బస్సెక్కి బ్రైటన్ వెళ్లాడు. అమ్మగారి మాట చెప్పడానికి నోరు రాలేదు, పాపీల సంగతి మాత్రం దాచకుండా చెప్పాడు. పెద్దాయన అంతా విని, "మూడోది?" అన్నాడు.

"నిన్ననే చూశానండి. జిప్సోఫిలా కొమ్మలు పక్కకు తీస్తే కింద చిన్న ఆకులు కనబడ్డాయి. రంపపు అంచుతో, నూగుతో, లేతగా. ఎలా బతికిందో తెలీలేదు."

"అది చావనే లేదబ్బాయీ, పడుకుంది. దాని పుట్టింటి కొండల్లో వేసవిలో నేల ఎండిపోతుంది. అందుకని వసంతంలోనే గబగబా పెరిగి, పూసి, గింజ రాల్చి, ఎండలు ముదిరేసరికి ఆకుల్ని వదిలేసి ఉన్నదంతా వేరులో దాచుకుంటుంది. మళ్లీ చల్లబడ్డాక లేచి, ఆ ఆకులతోనే చలికాలం గడుపుతుంది. నువ్వు నీళ్లు పోస్తే తాగడానికి ఆకేదీ? వేరు చుట్టూ నిలిచి కుళ్లబెట్టాయి."

"మరి జిప్సోఫిలాని వెనకాల మీరే వేశారా?"

"నేనే వేశాను. మిగతా రెండు చోట్లా వేద్దామనుకుంటూనే ఉన్నా. పాపీ పడుకున్నాక మడి బోసిపోకూడదని ఒకటి. ఖాళీ చోటు కనబడితే మనిషి చెయ్యి ఊరుకోదు, అదింకొకటి."

కుర్రాడు తిరిగొచ్చి నేరుగా అమ్మగారి దగ్గరికి వెళ్లాడు. "ఆయన పని నేను చేస్తానమ్మగారూ. పొద్దున ఇంకో గంట ముందు వస్తా. ఆయన చోటు మాత్రం అలాగే ఉంచండి." ఆమె కాసేపు ఆలోచించి, వసంతం దాకా చూద్దామంది. ఆ చలికాలమంతా కుర్రాడు కంచెలు కత్తిరించాడు, రాలిన ఆకు పోగేసి ఎరువు కుప్పకు చేర్చాడు, తులిప్ దుంపలు నాటాడు. ఆదివారాలు పెద్దాయనకు ఫోన్ చేసి తోట కబుర్లు చెప్పేవాడు. ఎప్పుడొస్తారని ఒక్కసారీ అడగలేదు.

మార్చిలో పెద్దాయన చేతికర్రతో వచ్చాడు. వంగలేడు, కానీ చూడగలడు, చెప్పగలడు. మొదటి చోట ఏమీ లేదు. రెండో చోట, మట్టిలో మిగిలిపోయిన వేరుముక్కల్లోంచి చిన్న చిన్న మొక్కలు గుంపుగా లేచాయి. అవి నిండుగా పూయడానికి ఇంకా టైం పడుతుంది. "ఆగస్టులో ఇవి పడుకున్నాక ఒకదాన్ని తీసి మొదటి చోట పెడదాం. పడుకున్నప్పుడే వాటిని కదిపితే ఓర్చుకుంటాయి" అన్నాడు పెద్దాయన. మే చివర్లో మూడో చోటు నిండా ఎర్రటి పూలు.

ఇక నీతి. ఓపిక పట్టమనే మాట చాలా కథలు చెబుతాయి. ఈ కథ చెప్పేది అంతకంటే ఒక అడుగు ముందుకు వెళ్తుంది. పడుకున్నవాళ్లను లేపకుండా ఉండటం సగం పనే. వాళ్ల ఖాళీని ఎవరో ఒకరు కప్పి ఉంచాలి, లేకపోతే చుట్టూ ఉన్న ప్రేమే వాళ్లను పాడు చేస్తుంది. కుర్రాడు చేసిన నష్టమంతా ప్రేమతో చేసిందే.

మన ఇళ్లలో ఇంటర్ తప్పిన పిల్లవాడు గదిలో తలుపేసుకుని కూర్చుంటాడు. వారం తిరక్కుండా ఇంకో కోచింగ్‌లో చేర్చడం ఆ డబ్బా నీళ్లలాంటిదే. "ఇంతకీ ఏం చేద్దామనుకుంటున్నావ్?" అని వచ్చిన ప్రతి చుట్టమూ అడగడం వేరు తవ్వి చూడటమే. "వాడు నాకు తోడుగా ఇంట్లో ఉన్నాడు వదినా, మీ అమ్మాయి పెళ్లి కబుర్లు చెప్పు" అని మాట మళ్లించే తల్లి ఉంటుందే, ఆమె చేసేది జిప్సోఫిలా పని. కాన్పయ్యాక ఏడాది ఉద్యోగం ఆపిన అమ్మాయికీ, భర్త పోయి పెళ్లిళ్లకూ పేరంటాలకూ రాని స్త్రీకీ అలాంటి మనిషి ఒకరు పక్కన ఉండాలి. అలాగని ఎండిందంతా నిద్రలో ఉన్నట్టు కాదు. మనిషి తిండి మానేసినా, రాత్రులు కన్ను మూయకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడినా కప్పి పెట్టకూడదు, వెంటనే డాక్టర్‌కు చూపించాలి. కప్పేవాళ్లకు ఆ తేడా తెలియాలి. అందుకే కప్పే మనిషి దగ్గరి మనిషై ఉండాలి, వెనకే నిలబడి ఉండాలి.

పాపీ వెనక జిప్సోఫిలా నాటడం కథ కోసం అల్లింది కాదు. సర్రీలోని మన్‌స్టెడ్ వుడ్‌లో తన తోటను పెంచిన గెర్‌ట్రూడ్ జెకిల్ ఇదే చేసేది, 1908లో వచ్చిన తన పుస్తకంలో రాసింది కూడా. ఆమె ఇంకొకటి కూడా గమనించింది. పాపీని కప్పిన జిప్సోఫిలా కూడా పూత అయిపోయాక గింజ పట్టి గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు దాని మీదికి నాస్టర్షియం తీగల్ని పాకించేది. కప్పినవాళ్లకూ విశ్రాంతి కావాలని ఆ తోట లెక్క వేసుకుంది. మన ఇళ్లలో అందరి ఖాళీలూ కప్పే తల్లి విషయంలో మనం ఆ లెక్క వేయడం లేదు, ఆమె పడుకునే రోజు వచ్చాక వెతుక్కుంటున్నాం. నాస్టర్షియం గింజలను ఏప్రిల్, మే నెలల్లోనే, పాపీ ఇంకా మొగ్గ మీద ఉన్నప్పుడే నాటుకోవాలి.